ముద్దాయి ఎటువైపు నిలబడతాడు?

సందేహం: నేను కోర్టులో జూనియర్ అసిస్టెంటుగా చేరి ఏడాదైంది. నోటీసులు, సమన్లు, వాయిదాల జాబితా తెలుగులో రాయడం నా పని. మొన్న ఒక కాగితంలో "ముద్దాయి" అని రాస్తే, ఉర్దూ బాగా వచ్చిన ఒక పెద్దాయన చూసి "ముద్దాయి అంటే ఫిర్యాదు చేసినవాడు, తలకిందులుగా రాశావు" అన్నారు. ఇన్నేళ్లుగా అందరం తప్పే రాస్తున్నామా? ఇంకో రెండు సందేహాలు కూడా. "సిరస్తాదారు" ఒప్పా, "శిరస్తదారు" ఒప్పా? మమ్మల్ని "గుమాస్తా" అంటే చిన్నచూపులా అనిపిస్తుంది, "న్యాయస్థాన లేఖకుడు" అని రాసుకోవచ్చా?

సమాధానం: పెద్దాయన చెప్పింది నిజం. మీరు రాసిందీ తప్పు కాదు.

అరబ్బీలో "దావా" పుట్టిన ధాతువులోంచే "ముద్దయీ" కూడా పుట్టింది. దావా వేసినవాడు ముద్దయీ. ఎవరి మీద వేశారో అతను "ముద్దాఅలైహ్". ఉర్దూలో, హిందీలో నేటికీ ఇదే అర్థం. "ముద్దయీ సుస్త్, గవాహ్ చుస్త్" అని వాళ్లకొక సామెత: కేసు వేసినవాడు చల్లగా కూర్చుంటే సాక్షి హుషారు పడుతున్నాడని. నిజాం కాలంలో హైదరాబాదు రాజ్యపు కోర్టుల్లో ఉర్దూ నడిచింది కాబట్టి, ఆ భాషలో చదువుకున్న ఇంట పుట్టినవారికి మన "ముద్దాయి" చెవికి గుచ్చుకోవడం సహజం. తెలుగులోకి వచ్చేసరికి ఆ మాట గది దాటి ఎదుటి బోనులోకి వెళ్లి నిలబడింది. మనకు ముద్దాయి అంటే నేరం మోపబడినవాడు. పల్లెలో ఎవరినడిగినా అదే చెబుతారు.

అరువు తెచ్చుకున్న మాట పుట్టింటి అర్థాన్నే పట్టుకుని ఉండాలని ఏ భాషలోనూ నియమం లేదు. మీరు చేస్తున్నది "ఉద్యోగం" కదా, సంస్కృతంలో దానికి ప్రయత్నమని అర్థం, హిందీవారికి అది పరిశ్రమ. మనం "ఉపన్యాసం" అంటే హిందీవారు నవల అనుకుంటారు. మీరు రోజూ రాసే "వాయిదా" కూడా మొదట మాట ఇవ్వడమే. ఫలానా రోజున వస్తానన్న మాట క్రమంగా ఆ రోజుకే పేరైంది, కట్టవలసిన కిస్తుకూ పేరైంది. కాబట్టి తెలుగు కాగితంలో ముద్దాయి తెలుగు ముద్దాయే. మార్చకండి.

ఒక్క జాగ్రత్త మాత్రం తప్పదు. ముద్దాయి వేరు, దోషి వేరు. నేరం రుజువై తీర్పు వచ్చేదాకా అతను ముద్దాయి, లేదా నిందితుడు; ఆ తరవాతే దోషి. పత్రికల్లో, మాటల్లో ఈ రెంటినీ కలిపేస్తున్నారు. మీ కలం నుంచి అది జరగకూడదు, ఎందుకంటే మీరు రాసే కాగితం ఒక మనిషి పేరు మీద శాశ్వతంగా ఉండిపోతుంది. సివిలు దావాల్లోకి ఈ మాటను అసలు రానివ్వకండి. అక్కడ వాది, ప్రతివాది చాలు.

చాలు అన్నాను గానీ, ఆ రెండు మాటలూ మనం అనుకున్నంత తేలిక కావు. చాలా ఏళ్ల కిందట ఒక పొలం తగాదాలో సాక్షిగా వెళ్లి కోర్టు వరండాలో కూర్చున్నాను. బంట్రోతు పిలిచిన పిలుపుకు ఒక వృద్ధుడు కండువా సవరించుకుంటూ లోపలికి వెళ్లాడు. బెంచి గుమాస్తా కట్ట విప్పుతూ "వాదా, ప్రతివాదా?" అని అడిగారు. ముసలాయన కంగారుపడి, "వాదించడానికి రాలేదు బాబూ, నా పొలం నాకిప్పించమని అడగడానికి వచ్చాను" అన్నాడు. ఆ గుమాస్తా విసుక్కోలేదు. కాగితం మీంచి తల ఎత్తి, "కేసు వేసింది నువ్వా తాతా, నీ మీద వేశారా?" అన్నారు. "నేనే వేశానయ్యా" అన్నాడు ఆయన, గుండెల మీద చెయ్యి పెట్టుకుని. ఆ గుమాస్తాగారి ప్రశ్న నాకు ఇప్పటికీ వినిపిస్తూనే ఉంటుంది. పారిభాషిక పదం కట్ట మీద ఉండాలి, మనిషితో మాట్లాడేటప్పుడు దాని అర్థం నోట్లో సిద్ధంగా ఉండాలి.

ఇక సిరస్తాదారు. ఇది పారసీ "సర్‌రిష్తాదార్". సర్ అంటే తల, రిష్తా అంటే దారం. దారపు కొస అని మాట, దఫ్తరానికి, అంటే కచేరీ రికార్డులకు, ఆ పేరు స్థిరపడింది. దఫ్తరం చూసుకునే అధికారి సిరస్తాదారు. మీ గదిలో కట్టలన్నీ ఇంకా దారంతో బిగించే ఉంటాయి కదా, ముడి విప్పేటప్పుడు ఈ మాట ఒకసారి తలచుకోండి. రాతలో "సిరస్తాదారు" మూలానికి దగ్గర. "శిరస్తదారు" అన్నది శిరస్సుతో ముడిపెట్టి మనవాళ్లు దిద్దుకున్న రూపం. అలా దిద్దినవాళ్లను తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు, ఎందుకంటే పారసీ సర్, సంస్కృత శిరస్సు నిజంగానే ఒకే మూలం నుంచి వచ్చిన తోబుట్టువులు. మీ కోర్టు రికార్డుల్లో ఏది వాడుకలో ఉంటే అదే అంతటా ఒకేలా రాయండి.

రాజమండ్రిలో, మచిలీపట్నంలో న్యాయాధికారిగా పనిచేసిన సి.పి. బ్రౌన్‌కు ఈ కచేరీ మాటలతో రోజూ పనే. అందుకే 1852లో వచ్చిన పెద్ద నిఘంటువుతో సరిపెట్టుకోక, తెలుగులో కలిసిపోయిన అన్యదేశ్యాల (పరభాషల మాటల) కోసం 1854లో మిశ్రభాషా నిఘంటువు విడిగా అచ్చువేయించాడు. దాఖలు, నకలు, జప్తు, జారీ, రద్దు, అమలు, హాజరు: వీటిలో ఒక్కటి తీసేసినా ఇవాళ మీ పని ఆగిపోతుంది. వీటి పక్కనే "తీర్పు" మన సొంత మాట, తగవు తీర్చడం నుంచి వచ్చింది. "కక్షిదారు"లో ముందు సగం సంస్కృతం, వెనక సగం పారసీ.

గుమాస్తా సంగతి. పారసీలో ఈ మాటకు అర్థం "నియమితుడు", ఒకరు నమ్మి తమ పనిని అప్పగించినవాడు. పుట్టుకలో తక్కువతనం లేదు. "గుమాస్తా బతుకు" లాంటి మాటలు పడి పడి దాని విలువ తగ్గింది, అది మీకు నొప్పి కలిగిస్తే నేను అర్థం చేసుకోగలను. అయినా "న్యాయస్థాన లేఖకుడు" వద్దు. జనానికి దస్తావేజు లేఖరి తెలుసు, మిమ్మల్ని ఆయనే అనుకుంటారు. హోదా రాయవలసిన చోట ప్రభుత్వం ఇచ్చిన పేరే, జూనియర్ అసిస్టెంటు అనే రాయండి. మామూలు మాటల్లో "కోర్టు గుమాస్తా" అనండి, వకీలు గుమాస్తాతో తికమక రాకుండా "కోర్టు" వదలకండి. గుమస్తా అని పలికినా తప్పు లేదు, రాతలో దీర్ఘం ఉంచితే బాగుంటుంది.

మీరు పంపిన నమూనాలో ఈ వాక్యం చూశాను: "ప్రతివాది హాజరు కానందున ఏకపక్షముగా విచారణ జరుపబడి వాది పక్షమున డిక్రీ ఇవ్వబడినది." పదాల్లో దోషం లేదు, దోషమల్లా ఆ "బడు"ల్లో. కనబడు, వినబడు తెలుగుకు సహజం. జరుపబడు, ఇవ్వబడు ఇంగ్లీషు వాక్యాన్ని చూసి కట్టినవి. పై అధికారి ఒప్పుకుంటే ఇలా రాయండి: "ప్రతివాది హాజరు కాలేదు. అందువల్ల ఆయన లేకుండానే కోర్టు విచారణ జరిపి వాదికి అనుకూలంగా డిక్రీ ఇచ్చింది." డిక్రీని డిక్రీగానే ఉంచాను. అది అందుకున్నవాడు రేపు వకీలు దగ్గరికి వెళ్లి అడగవలసిన మాట అదే.