వాడిన తెరచాప పడవ కొనేముందు ఎక్కడెక్కడ తట్టి చూడాలి?

ప్రశ్న: మాకు ఇద్దరు పిల్లలు, 7 ఏళ్ల బాబు, 3 ఏళ్ల పాప. మూడో బిడ్డ రాబోతోంది. తీరం వెంబడి వారాల తరబడి తిరగడానికి వాడిన క్రూజింగ్ పడవ కొనాలనుకుంటున్నాం. ఒకే ధరకి రెండు దొరుకుతున్నాయి. ఒకటి 34 అడుగులది, రిగ్గింగూ (తెరచాప స్తంభాన్ని నిలబెట్టే తీగలు) ఇంజనూ ఈమధ్యే మార్చారు. ఇంకోటి 42 అడుగుల పాత పడవ, ఏదీ మార్చలేదు. మా ఇద్దరి మనసూ పెద్దదాని మీదే ఉంది. ఏది తీసుకోమంటారు?

జవాబు: పడకలు సరిపోతే 34 అడుగులదే తీసుకోండి. పొడవుతో పాటు వెడల్పూ లోతూ పెరుగుతాయి కాబట్టి 34 నుంచి 42 అడుగులకు వెళ్తే పడవ బరువు దాదాపు రెట్టింపవుతుంది. తెరచాపలు, వించ్‌లు (తాళ్లు లాగే చక్రాలు), లంగరు గొలుసు, ఇంజను అన్నీ పై సైజువే కొనాలి. అదే ధరకి పెద్ద పడవ వస్తోందంటే, మార్చాల్సినవన్నీ మీ నెత్తిన పడబోతున్నాయనే అర్థం.

ఇంకో సంగతి. చిన్నపిల్లలు ముగ్గురున్నప్పుడు పెద్దవాళ్లలో ఒకరికి వాళ్లతోనే సరిపోతుంది. పడవ నడిపేది మిగిలిన ఒక్కరే. గాలి పెరిగినప్పుడు ఆ ఒక్కరూ మెయిన్‌సెయిల్ (ప్రధాన తెరచాప) కుదించగలరా, రేవులో పడవని కట్టగలరా అన్నదే అసలు కొలత. ట్రయల్‌లో ఈ రెండు పనులూ ఎవరి సాయం లేకుండా ఒక్కరే చేసి చూడండి.

పడకల విషయంలో ప్రకటనలో రాసిన అంకెని నమ్మకండి. భోజనం బల్ల దించితే తయారయ్యే పడకని రోజూ రాత్రి పరచాలి, పొద్దున్నే ఎత్తాలి. ముక్కు భాగంలోని పడక లంగరు వేసినప్పుడు హాయిగానే ఉంటుంది, అలల్లో వెళ్తున్నప్పుడు మాత్రం అక్కడ నిద్ర పట్టదు. ప్రయాణంలో పనికొచ్చేవి మధ్యలోనూ వెనకా ఉన్నవే. వాటిలో 1.9 మీటర్ల పొడవు, 60 సెంటీమీటర్ల వెడల్పు ఉన్నవి ఎన్నో లెక్కపెట్టండి. పిల్లలు దొర్లి పడకుండా పక్కన గుడ్డ అడ్డు కట్టుకోవడానికి వీలుండాలి. పాప ఇప్పుడు పడుతుంది కదా అని పొట్టి పడకతో సరిపెట్టుకుంటే నాలుగైదేళ్లకే ఇరుకవుతుంది.

కాక్‌పిట్ (పడవ నడిపేవాళ్లు కూర్చునే చోటు) లోతుగా ఉండాలి, పిల్లలు వెనక్కి ఆనుకుంటే తల దాకా అడ్డు ఉండాలి. చుట్టూ కంచెలా ఉండే తీగ, అంటే లైఫ్‌లైన్, డెక్ (పడవ పైతలం) నుంచి 60 సెంటీమీటర్ల ఎత్తుకి తగ్గకూడదు. కొన్ని పాత పడవల్లో 45 మాత్రమే ఉంటుంది, దానికి పెద్దవాళ్ల మోకాలు తగిలితే చాలు, అవతలికి పడిపోతారు. లైఫ్‌లైన్‌కి వల కట్టండి. అయినా వల మీద భరోసా పెట్టుకోకండి, పిల్లల్ని పడవకి కట్టి ఉంచేది హార్నెస్ (ఒంటికి కట్టే పట్టీలు) తాడే. దాన్ని తగిలించే గట్టి కొక్కేలు కాక్‌పిట్‌లో ఎక్కడున్నాయో చూడండి.

ప్రశ్న: సర్వేయర్‌కి (పడవల్ని పరీక్షించే నిపుణుడికి) డబ్బు కట్టేముందు మా అంతట మేమే చూసుకోగలిగినవి ఏమిటి?

జవాబు: చాలానే ఉన్నాయి. ప్లాస్టిక్ సుత్తి, టార్చి, చిన్న అద్దం, పాత గుడ్డ పట్టుకుని ఒక పూట కేటాయించండి.

డెక్‌తో మొదలుపెట్టండి. చాలా పడవల్లో డెక్ అంటే రెండు ఫైబర్‌గ్లాస్ పొరలు, మధ్యలో బాల్సా చెక్క. డెక్ మీద బిగించిన ప్రతిదానికీ బోల్టు రంధ్రాలుంటాయి. సీలెంట్ ఎండి చిట్లితే నీళ్లు ఆ రంధ్రాల్లోంచి బాల్సాలోకి దిగి, అది కుళ్లిపోతుంది. ఎక్కువగా పాడయ్యేది లైఫ్‌లైన్‌ని నిలబెట్టే స్టాంషన్ల మొదళ్ల దగ్గర. ఎక్కేవాళ్లూ దిగేవాళ్లూ వాటినే పట్టుకుని లాగుతారు, ఆ ఊపుకి కింద సీలెంట్ విడిపోతుంది. సుత్తితో ప్రతి 5 సెంటీమీటర్లకీ మెల్లగా కొడుతూ వెళ్లండి. బాగున్న చోట ‘టక్ టక్’మని గట్టిగా మోగుతుంది. పొర విడిపోయిన చోటో తడి పట్టిన చోటో ‘డబ్ డబ్’మని చప్పగా వినిపిస్తుంది. అక్కడ చాక్‌పీస్‌తో గీత గీసుకుంటూ పోతే మచ్చ ఎంత పాకిందో తెలిసిపోతుంది. అరచేయంత మచ్చ ఒకటీ రెండూ ఉంటే బాగుచేయించుకోవచ్చు. మాస్ట్ (తెరచాప స్తంభం) మొదలు చుట్టూ, చెయిన్‌ప్లేట్ల చుట్టూ చప్పగా మోగితే మాత్రం ఆ పడవ వదిలేయండి. మాస్ట్ బరువూ రిగ్గింగ్ లాగుడూ పడేది అక్కడే.

చెయిన్‌ప్లేట్లంటే రిగ్గింగ్ తీగల్ని హల్‌కి (పడవ ఒడలికి) కట్టి ఉంచే స్టీలు పట్టీలు. ఇవి డెక్‌లోంచి లోపలికి దిగుతాయి. స్టెయిన్‌లెస్ స్టీలు తుప్పు పట్టకుండా ఉండాలంటే దానికి ఆక్సిజన్ తగలాలి. తడి డెక్‌లో ఇరుక్కున్న ముక్కకి అది అందదు, పైకి తళతళలాడుతూనే లోపల సన్నగా చీలుతుంది. లోపలి అల్మారాల్లో టార్చి వేసి, పట్టీ కింద గోధుమరంగు చారలున్నాయేమో వెతకండి. చారలుంటే ఒక పట్టీ ఊడదీసి చూపించమని అడగండి. ఒప్పుకోకపోతే అన్నీ మార్చాల్సినవే అనుకుని ధర కట్టండి.

తీగల్ని గుడ్డతో తుడుస్తూ పైకి వెళ్లండి, ఉత్త చేత్తో వద్దు. తెగిన పోగు ఉంటే గుడ్డ చిక్కుకుంటుంది. ఒక్క పోగు తెగినా మొత్తం సెట్టుని అనుమానించాల్సిందే. కింది చివర తీగని నొక్కి బిగించిన గొట్టంలో నీళ్లు నిలుస్తాయి. దాని మీద నిలువుగా వెంట్రుకంత చీలిక ఉందేమో అద్దంతో చూడండి. రిగ్గింగ్ ఆయుష్షు మామూలుగా 10 నుంచి 15 ఏళ్లు. ‘ఈమధ్యే మార్చాం’ అంటే రసీదు చూపించాలి.

పడవ నేలకి గుద్దుకుందా లేదా అన్నది కీల్ (పడవ అడుగున నీళ్లలోకి దిగి ఉండే బరువైన రెక్క) వెనక చివర చెబుతుంది. గుద్దుకున్నప్పుడు కీల్ ముందు భాగం కిందికి లాగుతుంది, వెనక భాగం హల్‌ని పైకి పొడుస్తుంది. లోపల ఆ భాగంలోని అడ్డు దూలాల అతుకులు ఊడాయా, చుట్టూ పగుళ్లున్నాయా చూడండి. పడవంతా పాతబడి ఉండి బిల్జ్‌కి (పడవ లోపల అట్టడుగు భాగానికి) ఒక్కదానికే కొత్త పెయింటు వేసి ఉంటే, ఎందుకు వేశారో అడగాలి.

నీటిమట్టం కింద ఉండే వాల్వులన్నీ చేత్తో తిప్పి చూడండి. లోహాన్ని కొద్దిగా గీకితే పసుపు రంగు కనిపించాలి. గులాబీ రంగు తేలితే అందులోని జింక్ కరిగిపోయిందన్నమాట, అది ఎప్పుడైనా విరగొచ్చు. ఇక చుక్కాని. పడవ ఒడ్డున ఉన్నప్పుడు దాని కింది కొస పట్టుకుని ఊపండి. కటకటమంటే బేరింగులు అరిగాయి. ఒడ్డుకెక్కించి రోజులైనా అడుగునుంచి నీళ్లు కారుతుంటే లోపలి స్టీలు తుప్పు పడుతున్నట్టే.

ప్రశ్న: మేం వెళ్లేసరికే ఇంజను నడుస్తోంది. పొగ లేదు, శబ్దమూ బాగుంది. ఇక చూడక్కర్లేదా?

జవాబు: ఇంకో రోజు వెళ్లండి, మీరు వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని ముందే చెప్పండి. వెళ్లగానే ఇంజను మీద చెయ్యి పెట్టి చూడండి, చల్లగా ఉండాలి. డీజిల్ ఇంజను జబ్బులు బయటపడేది చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేస్తేనే. నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతోంది. నల్లపొగ అంటే భారం ఎక్కువైంది, లేదా గాలి చాలట్లేదు. తెల్లపొగ వేడెక్కాక కూడా తగ్గకపోతే డీజిల్ సరిగ్గా కాలట్లేదు, లేదా కూలింగ్ నీళ్లు సిలిండర్‌లోకి వస్తున్నాయి. చలికాలంలో వచ్చే ఆవిరిని చూసి పొగనుకోకండి. ఎగ్జాస్ట్‌లోంచి కూలింగ్ నీళ్లు సన్నగా వస్తుంటే ఉప్పూ మసీ పేరుకుని ఎల్బో (ఎగ్జాస్ట్ వంపు గొట్టం) మూసుకుపోయి ఉండొచ్చు. ఆ తర్వాత గేరు వేసి, భారం మీద కనీసం అరగంట నడపండి. సెయిల్‌డ్రైవ్ (ఇంజను నుంచి హల్ అడుగులోంచి నేరుగా కిందికి దిగి పంకాని తిప్పే కాలు) ఉన్న పడవైతే అడుగున ఉండే రబ్బరు డయాఫ్రమ్ ఎప్పుడు మార్చారో అడగండి. వోల్వో పెంటా 7 ఏళ్లకోసారి మార్చమంటుంది.

ప్రశ్న: హల్ అడుగున గోరంత పొక్కులు ఇరవై దాకా ఉన్నాయి. కొనొద్దంటారా?

జవాబు: ఆ కారణంతో మంచి పడవని వదులుకోకండి. ఫైబర్‌గ్లాస్‌లోకి చేరిన నీళ్ల వల్ల వచ్చే పొక్కులవి. గుచ్చితే వెనిగర్ వాసన వస్తుంది. ఇరవై పొక్కులతో హల్ బలం తగ్గదు, బేరంలో వాడుకోండి. పడవని నీళ్లలోంచి తీసిన వెంటనే చూడాలి, ఆరితే చదునైపోతాయి.

ప్రశ్న: వంట గ్యాస్ గురించి పిల్లల వల్ల భయంగా ఉంది.

జవాబు: భయపడాల్సిన విషయమే. ఎల్‌పీజీ గాలికంటే బరువు, లీకైతే బిల్జ్‌లోకి దిగి అక్కడే నిలుస్తుంది. సిలిండర్ పెట్టే అర లోపలి భాగంతో ఏ సందూ లేకుండా మూసి ఉండాలి, దాని అడుగునుంచి పడవ బయటికి గొట్టం ఉండాలి. పరీక్ష తేలిక. స్టవ్ ఆపి, సిలిండర్ తెరిచి, పీడనం చూపే గేజి ముల్లు ఎక్కడుందో గుర్తుపెట్టుకుని సిలిండర్ మూసేయండి. 10 నిమిషాల తర్వాత ముల్లు కిందికి దిగి ఉంటే ఎక్కడో లీకు ఉంది. అది దొరికేదాకా పిల్లల్ని ఆ పడవలో పడుకోబెట్టకండి.