మనిషి ప్రకృతిని మార్చాడా, ప్రకృతే మనిషిని మార్చిందా?

ప్రశ్న అడిగినవారు కింద ఇంకో మాట కూడా చేర్చారు: "ఈ రెండింట్లో ఏది ముందు, ఏది ఎక్కువ?" విత్తు ముందా చెట్టు ముందా అన్నట్టుంది. నా మట్టుకు నాకు ఈ తగువు ఒక ఇనుప స్తంభం దగ్గర తీరిపోయింది.

చదువు కోసం ఇంగ్లండ్‌లో ఉన్న ఏడాది, ఒక ఆదివారం ఇద్దరు స్నేహితుల్ని బతిమాలి కేంబ్రిడ్జ్‌షైర్‌లోని హోమ్ ఫెన్ అనే చిత్తడి ప్రాంతానికి తీసుకెళ్ళాను. వాళ్ళు ఏదో కోట చూద్దామన్నారు. నేను బురద చూద్దామన్నాను. చాలా దూరం నడవాల్సి వచ్చింది. షూస్ తడిసి ముద్దయ్యాయి, ఇద్దరూ నాతో మాట్లాడటం మానేశారు. తెల్ల బెరడు బర్చ్ చెట్ల మధ్య నేల పరుపులా మెత్తగా ఉంది, కాలు వేస్తే కాస్త దిగి మళ్ళీ లేస్తోంది. అక్కడ ఉంది ఆ స్తంభం, నా ఎత్తుకి రెండింతలు దాటి. మావాడు దాన్ని పాత దీపస్తంభం అనుకున్నాడు.

1851 ప్రాంతంలో దాన్ని పాతినప్పుడు పైకొస సరిగ్గా నేలమట్టానికి ఉంది. ఇప్పుడు దాదాపు 4 మీటర్లు బయటికి కనిపిస్తుంది. ఎవరూ పైకి లాగలేదు, నేలే కిందికి పోయింది. తలెత్తి ఆ కొసని చూస్తూ, ఒకప్పుడు మనుషుల కాళ్ళు అంత ఎత్తున నడిచేవని తలుచుకుంటే బావి అడుగున నిలబడ్డట్టనిపించింది.

పక్కనే విట్ల్‌సీ మియర్ అని పెద్ద సరస్సు ఉండేది. చేపలు, నీటిపిట్టల వేట, ఇంటికప్పుకి రెల్లు, చలికాలం గడ్డకట్టిన నీటిమీద స్కేటింగ్, చుట్టుపక్కల వాళ్ళకి బతుకుతెరువూ సరదా అన్నీ అదే. 1851లో అప్పుడే వచ్చిన కొత్తరకం ఆవిరి పంపు పెట్టి తోడేశారు. అడుగున బయటపడింది నల్లటి పీట్ నేల. నీళ్ళలో ఉండి పూర్తిగా కుళ్ళకుండా వేల ఏళ్ళు పేరుకుపోయిన మొక్కల ముద్ద అది. పంట బ్రహ్మాండంగా పండుతుంది. చిక్కల్లా ఒకటే: నీరు తీస్తే పీట్ కుంచించుకుపోతుంది, గాలి తగిలితే మెల్లగా కుళ్ళి కార్బన్ డయాక్సైడ్‌గా ఎగిరిపోతుంది. నేల దిగిపోతే నీళ్ళు వాటంతట అవి బయటికి పోవు. అందుకని ఇంకాస్త బలమైన పంపు. దాంతో ఇంకాస్త ఎండి, ఇంకాస్త దిగడం. ఇప్పుడా చోటు సముద్ర మట్టానికి రెండున్నర మీటర్లకు పైగా కింద ఉంది. అక్కడ పుట్టే పిల్లలకి పంపు ఆపేద్దామా వద్దా అన్న ప్రశ్నే ఉండదు.

నష్టమేనా అంటే కాదు. ఆ చిత్తడి ప్రాంతాల్లో జనాన్ని పీడించిన చలిజ్వరం, అంటే మలేరియానే, నీళ్ళు పోయేకొద్దీ తగ్గింది. అలాగే లార్జ్ కాపర్ అనే సీతాకోకచిలుక బ్రిటన్‌లో లేకుండా పోయింది. ఎవరు ఎవర్ని మార్చినట్టు?

నెదర్లాండ్స్‌లో ఇదే కథ ఇంకా పెద్ద ఎత్తున జరిగింది. పీట్ ఎండగట్టారు, నేల దిగింది, గట్లు కట్టారు, తర్వాత గాలిమరలు, ఆ తర్వాత ఆవిరి పంపులు. నా గట్టు తెగితే మీ పొలం కూడా మునుగుతుంది కాబట్టి అందరూ కూర్చుని మాట్లాడుకోక తప్పలేదు. 13వ శతాబ్దం నాటికే నీటి బోర్డులు పుట్టాయి, ఇప్పటికీ వాటికి ఎన్నికలు జరుగుతాయి. వాళ్ళకి మీటింగులు నేర్పింది బురదేనని నా గట్టి నమ్మకం. చరిత్రకారులు ఒప్పుకోకపోతే పోనీ.

అసలు తప్పంతా స్కూల్లోనే ఉంది. చరిత్ర ఒక పీరియడ్, భూగోళం ఇంకో పీరియడ్, జీవశాస్త్రం వేరే టీచర్. పశువుల్ని పెంచిన సమాజాల్లో పెద్దయ్యాక కూడా పాలు అరిగించుకోనిచ్చే జన్యు మార్పు గత 10,000 ఏళ్ళలోనే వ్యాపించింది. ఇది ఏ పీరియడ్‌లో చెప్పాలి? నాకైతే ఏ పీరియడ్‌లోనూ చెప్పలేదు.

ఇంకో రకం వాళ్ళున్నారు, "ప్రకృతిని దాని మానాన వదిలేస్తే చాలు" అంటారు. వాళ్ళతో నాకు అస్సలు పడదు. మనిషి చెయ్యి పడలేదని చెప్పుకునే అమెజాన్ అడవిలో కూడా, ఒకప్పటి జనం బొగ్గూ కుండపెంకులూ చెత్తా కలిసి తయారైన నల్లమట్టి చాలాచోట్ల ఉంది. మధ్య ఆసియాలోని అరల్ సముద్రం సంగతి చూడండి. పత్తి కోసం 1960ల నుంచి రెండు నదుల నీళ్ళు భారీగా మళ్ళిస్తే, ఓడలు ఇసకలో మిగిలాయి. ఉత్తర భాగంలో మళ్ళీ నీళ్ళూ చేపలూ పెరిగాయంటే, 2005లో కోక్-అరల్ ఆనకట్ట పూర్తయ్యాకే. బాగు చెయ్యడానికీ ఆనకట్టే కావాల్సొచ్చింది! హోమ్ ఫెన్ చుట్టూ కూడా 2001 నుంచి మళ్ళీ చిత్తడి నేలని తెచ్చే పని నడుస్తోంది. నీళ్ళు నిలబెట్టాలన్నా మనిషి కాపలా ఉండాల్సిందే.

ఆ రోజు స్తంభం పక్కన దిగిన ఫోటో అమ్మకి పంపాను. వెంటనే ఫోన్ చేసింది.

"అంత పొడుగు స్తంభం అడవిలో ఎందుకురా పాతారు?"

"పాతినప్పుడు పొడుగు లేదమ్మా."

"మరి పెరిగిందా?"