ఆరో తరగతి ఫిడేలు, అమ్మానాన్నల ఆరాటం

జనవరి చివరి వారం వచ్చిందంటే మా ఇంట్లో ఫోను మోగడం ఎక్కువవుతుంది. డాలస్ ఉత్తరపు శివార్లలో ఐదో తరగతి చదువుతున్న పిల్లలకు ఇంచుమించు ఆ రోజుల్లోనే మిడిల్ స్కూలు ఫారం ఇంటికి వస్తుంది. లెక్కలు, సైన్సు ఎలాగూ తప్పవు. వాటి కింద గళ్ళలో బ్యాండ్, ఆర్కెస్ట్రా, క్వైర్, నాటకం, చిత్రలేఖనం అని ఉంటాయి, ఒకటి ఎంచుకోవాలి. ఈ ఏడాది మొదటి ఫోను ఖమ్మం నుంచి వచ్చి ఇంకా ఏడాది నిండని ఒక అమ్మాయిది. "అక్కా, వీటిలో దేనికి విలువ ఎక్కువ?" అని అడిగింది.

ఈ ఊరికి వచ్చి పద్దెనిమిదేళ్ళయింది. మా అమ్మాయి వయోలా, మా అబ్బాయి సెల్లో వాయిస్తూ మిడిల్ స్కూలు దాటారు. సంగీతం నాకు రాదు. నాకు తెలిసిందల్లా వాద్యాలు మోయడం, అద్దె కట్టడం, కచేరీల్లో వెనక వరుసలో కూర్చోవడం. కొత్తగా వచ్చినవాళ్ళకు కావలసింది ముందుగా అదే కాబట్టి చెబుతున్నాను.

మన ఊళ్ళలో ఆర్కెస్ట్రా అంటే వినాయక చవితి పందిట్లో సినిమా పాటలు పాడే బృందం. ఇక్కడి బడిలో ఆ మాటకు అర్థం వేరు. కమానుతో వాయించే నాలుగు తీగ వాద్యాలే ఇందులో ఉంటాయి: వయొలిన్, వయోలా, సెల్లో, డబుల్ బేస్. ఫ్లూట్లు, బాకాలు, డప్పులు బ్యాండ్‌లోకి పోతాయి. ఆ రెండూ వేర్వేరు గదులు, వేర్వేరు టీచర్లు. టీచరును డైరెక్టర్ అంటారు.

టెక్సస్‌లో ఎక్కువగా ఆరో తరగతితో మిడిల్ స్కూలు మొదలవుతుంది, వాద్యం నేర్పడమూ అక్కడే మొదలవుతుంది. ఏమీ రాని పిల్లల కోసమే ఆ క్లాసు పెడతారు. సంగీతం రాకపోతే చేర్చుకోరేమోనన్న బెంగ అక్కర్లేదు. ఉచ్చారణకు ఎవరు నవ్వుతారోనని బిక్కుబిక్కుమంటూ ఉండే కొత్త పిల్లవాడికి, అందరితో పాటు సున్నా నుంచి మొదలుపెట్టే గది ఆ బడిలో ఇదొక్కటే అనిపిస్తుంది నాకు. ఏడో తరగతిలోనో ఎనిమిదిలోనో వచ్చి పడినవాళ్ళకు కాస్త చిక్కు ఉంటుంది. అయినా పిల్లల్ని క్లాసుల్లో వేసే బడి కౌన్సిలర్ కుదరదన్నారని వదిలేయకండి. డైరెక్టరుకే ఈమెయిలు రాయండి. ఆరో తరగతి పిల్లలతో కలిపి కూర్చోబెట్టడమో, వేసవిలో కొన్ని పాఠాలు చెప్పించుకుని రమ్మనడమో, ఏదో ఒక దారి వాళ్ళే చెబుతారు.

ఇక మన ఇళ్ళలో జరిగే పొరపాట్ల సంగతి. అవన్నీ ఒకే చోట పుడతాయి. సంగీతం అనగానే మనకు కళ్ళ ముందు మెదిలేది వేదిక మధ్యలో ఒక్కరు కూర్చున్న కచేరీ. బడి ఆర్కెస్ట్రా అది కాదు. పక్కవాడి కమాను పైకి పోతే నీ కమాను పైకి పోవాలి, నీ ఫిడేలు ఒక్కటే విడిగా వినిపించిందంటే అది తప్పు. ఈ తేడా తలకెక్కడానికి నాకు రెండేళ్ళు పట్టింది.

తీగ వాద్యం అనగానే మనవాళ్ళు వయొలిన్ దగ్గరే ఆగిపోతారు. ఏటా అక్కడే రద్దీ. డైరెక్టర్లు వయోలా, బేస్ పిల్లల కోసం వెతుక్కుంటూ ఉంటారు. ఫారాలు ఇచ్చే ముందో తరవాతో ఒక సాయంత్రం పిల్లల్ని పిలిచి నాలుగు వాద్యాలూ చేతికిచ్చి చూస్తారు. వేళ్ళ పొడవు, భుజం, ఎత్తు చూస్తారు. దానికి తప్పకుండా తీసుకెళ్ళండి, తీసుకెళ్ళాక మీరు పక్కకు తప్పుకోండి. మా అమ్మాయి వయోలా అన్న రోజున, "అదేమిటి, వయొలిన్ దొరకలేదా?" అన్నాను, రేషను షాపులో సరుకు అయిపోయినట్టు. వయోలా వయొలిన్ కన్నా కాస్త పెద్దది, గొంతు లోతుగా ఉంటుంది. వయొలిన్ తీగలు కింది నుంచి జి, డి, ఎ, ఇ అయితే దీనివి సి, జి, డి, ఎ. సెల్లోవి కూడా అవే, కాకపోతే ఒక స్థాయి కింద. వయోలా స్వరాలు రాసే పద్ధతి వేరుగా ఉంటుంది, మొదట్లో కొంత తికమక. ఆ తరవాత ఆ పిల్లలకు దక్కే ఆదరం చూస్తే, పది మంది వయొలిన్ల వెనక పదకొండోవాడిగా కూర్చోవడం కన్నా ఇదే నయమనిపిస్తుంది.

వాద్యం కొనకండి, అద్దెకు తీసుకోండి. పెరిగే పిల్లలు కదా అని యూనిఫాం రెండంగుళాలు వదులుగా కుట్టించే అలవాటు మనది. ఆ లెక్క ఇక్కడ పనికిరాదు. ఫిడేలు చెయ్యి పొడవుకు సరిపోవాలి. వయొలిన్లకు సగం, ముప్పావు, నిండు అని సైజులుంటాయి, వయోలాను అంగుళాల్లో చెబుతారు. ఆరో తరగతి పిల్లలు చాలామంది పదమూడు, పద్నాలుగు అంగుళాల దానితో మొదలుపెడతారు. పెద్ద సైజు ఇస్తే మణికట్టు వంగిపోతుంది, ఆ వంపు తరవాత సరిచేయడం చాలా కష్టం. వాద్యాల దుకాణంలో కొలత తీసి ఇస్తారు, పిల్ల ఎదిగితే మార్చి ఇస్తారు. వయొలిన్ అద్దె నెలకు సుమారు 20 నుంచి 35 డాలర్లు ఉంటుంది. కట్టిన అద్దెలో కొంత, తరవాత కొనేటప్పుడు ధరలో తగ్గించే దుకాణాలు చాలా ఉన్నాయి. ఇంకో రెండు మూడు డాలర్లు పోసి బీమా కూడా తీసుకోండి. సెల్లో, బేస్ అయితే బడే కొద్దిపాటి రుసుముకు ఇచ్చే చోట్లు ఎక్కువ.

బీమా ఎందుకో నా అనుభవం చెబుతాను. ఆగస్టు నెల, మధ్యాహ్నం మూడు. కిరాణా కొట్టు దగ్గర పది నిమిషాల పని అనుకుని కారు డిక్కీలో వయోలా ఉంచి లోపలికి వెళ్ళాను. పది నిమిషాలు ముప్పావు గంట అయింది. ఇంటికొచ్చి పెట్టె తెరిస్తే వాద్యం అంచున పలక రేకు విడినట్టు విడివడి ఉంది. ఈ వాద్యాలను అతికించే జిగురు వేడికి మెత్తబడేదే. రేపు మరమ్మతుకు విప్పాలంటే వీలుగా ఉండాలని అలాంటిదే వాడతారట. దుకాణం ఆయన చూసి ఒక్క మాట కూడా అనకుండా, "టెక్సస్‌కు కొత్తా?" అని మాత్రం అడిగాడు. అప్పటికి మేము వచ్చి ఎనిమిదేళ్ళు.

ఇంటర్నెట్లో వంద డాలర్లకు దొరికే ఎర్ర, నీలం రంగుల ఫిడేళ్ళ జోలికి వెళ్ళకండి. బిరడలు నిలవవు. పొద్దున శ్రుతి చేస్తే క్లాసుకు వెళ్ళేసరికి జారిపోతుంది. అరవై మంది పిల్లల్లో ఒక్కొక్కరి ఫిడేలు సరిచేసుకుంటూ కూర్చుంటే ఆ టీచరుకు పాఠం చెప్పే సమయం ఎక్కడిది?

ఇంట్లో చూసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. కమానుకు ఉన్న వెంట్రుకలు గుర్రపు తోకవి, వాటిని వేళ్ళతో ముట్టకూడదు. తలకు కొబ్బరి నూనె రాసిన చేతితో అసలే ముట్టకూడదు. జిడ్డు తగిలిన చోట తీగ పలకదు. వాయించడం అయ్యాక కమాను మరను వదులు చేసి పెట్టాలి. తీగల కింద నిలబడి ఉండే చిన్న కొయ్య వంతెన పడిపోతే మీరు నిలబెట్టబోకండి, లోపల ఇంకో పుల్ల కూడా ఉంటుంది, అది కూడా పడిందేమో మనకు తెలియదు. తీసుకెళ్ళి దుకాణంలో ఇచ్చేయండి.

మొదటి కొన్ని వారాలు కమాను చేతికివ్వరు. వేలితో మీటడమే. డి తీగ మీద మొదలుపెట్టి, మెల్లగా ఎనిమిది స్వరాలకు వెళతారు. ఆ ఏడాది మా అత్తగారు రాజమండ్రి నుంచి వచ్చి ఉన్నారు. మా అమ్మాయి గదిలో డి మేజర్ స్కేలు అంటూ కిందికీ పైకీ వాయిస్తుంటే, ఆవిడ పప్పు కడుగుతూ, "శంకరాభరణం ఆరోహణ చేస్తోంది, ని కాస్త తక్కువైంది" అన్నారు. పిల్ల బయటకు వచ్చి టీచరు కూడా అదే చెప్పిందంది. ఆ తరవాత రోజూ సాయంత్రం ఇద్దరూ ఆ గదిలోనే. నేను ఇరవై డాలర్లిచ్చి పాఠం చెప్పించినా ఆ పని జరిగేది కాదు.

కర్ణాటక వయొలిన్ నేర్చుకుంటున్న పిల్లలకు ఒక మాట. ఆ విద్య వృథా పోదు, చెవి ముందే తయారై ఉంటుంది. కానీ చేతులు రెండు విద్యల మధ్య తడబడతాయి. అక్కడ కింద కూర్చుని, ఫిడేలు తలను పాదం మీద ఆనించి, స ప స ప అని శ్రుతి చేస్తారు. ఇక్కడ కుర్చీ అంచున నిటారుగా కూర్చుని దవడ కింద పెట్టుకోవాలి, ఎ తీగ శ్రుతి 440 హెర్ట్జ్ దగ్గర నిలబడాలి. గమకం అలవాటైన వేలు జారుతుంటే డైరెక్టరుకు అది తప్పుగానే వినిపిస్తుంది. ఏదో ఒకటి మానెయ్యమని నేను చెప్పను. ఈ వాద్యం మనకు వచ్చిందే యూరప్ వాళ్ళ దగ్గరి నుంచి. ముత్తుస్వామి దీక్షితర్ తమ్ముడు బాలుస్వామి దీక్షితర్ మద్రాసులో నేర్చుకుని దాన్ని మన సంగీతంలోకి తెచ్చారు. తరవాత విజయనగరంలో ద్వారం వెంకటస్వామి నాయుడుగారి చేతుల్లో అది పుట్టుకతోనే మనదన్నంతగా కలిసిపోయింది. కాబట్టి రెండూ ఒకే పిల్ల చేతిలో ఉండవచ్చు. ఒకే ఫిడేలు మీద మాత్రం వద్దు. రోజూ శ్రుతి మారుస్తుంటే తీగలు తెగుతాయి. ఇంట్లో పాతది ఉంటే పాఠానికి అది, బడికి అద్దెది.

సాధన రోజుకు ఇరవై నిమిషాలు చాలు. మొదటి మూడు నెలలు తుప్పు పట్టిన తలుపు తీసినట్టే ఉంటుంది. మావారు ఒకసారి హాల్లోంచి "ఇంకా ఎంతసేపు?" అన్నారు. పిల్ల వారం రోజులు పెట్టె తెరవలేదు.

నెలకో రెండు నెలలకో వాయించి చూపించే పరీక్ష పెట్టి, బాగా వాయించినవాళ్ళు ముందు ఉండేలా కుర్చీలు మారుస్తారు. ఇక్కడ మన రక్తం ఉడుకుతుంది. "మొదటి కుర్చీ ఎవరికి వచ్చింది?" అని పార్కింగు స్థలంలోనే అడుగుతాం. సెకండ్ వయొలిన్ అంటే రెండో రకం అనుకుని టీచరుకు ఈమెయిలు రాసిన తండ్రిని నేనెరుగుదును. అది ర్యాంకు కాదు, వేరే వరుస, వేరే స్వరాలు. చాలామంది డైరెక్టర్లు గట్టి పిల్లలను కొందరిని కావాలనే అటు వేస్తారు. స్వరాల కాగితం పెట్టే ఒక్కో స్టాండు దగ్గర ఇద్దరు కూర్చుంటారు. మా అమ్మాయిది లోపలి వైపు కుర్చీ. మొదటి కచేరీలో పాట మధ్యలో ఆపేసి, కాగితం తిప్పి, మళ్ళీ అందుకుంది. మర్చిపోయిందని నా గుండె ఆగినంత పనైంది. కారులో అడిగితే విసుక్కుంది: "అది నా పని అమ్మా. ఇద్దరం ఆపితే చప్పుడు తగ్గిపోతుంది. బయటి అమ్మాయి వాయిస్తుంటే నేను తిప్పాలి."

ర్యాంకుల గోల ఉన్నవాళ్ళకు రెండు ముక్కలు. ఆరో తరగతి ఆర్కెస్ట్రా మార్కులు హైస్కూలు ర్యాంకులోకి రావు. హైస్కూలు పాస్ కావడానికి టెక్సస్‌లో ఎలాగూ కళల్లో ఒక క్రెడిట్ ఉండాలి, అక్కడ ఆర్కెస్ట్రా కొనసాగిస్తే అది తీరిపోతుంది. మిగతా సబ్జెక్టుల్లో 70 కన్నా తగ్గితే కొన్ని వారాల పాటు పోటీలకు పంపరు. 1984 నుంచి ఈ రాష్ట్రంలో ఉన్న నిబంధన అది. వసంతంలో యూఐఎల్ పోటీ ఉంటుంది, టెక్సస్ బడుల మధ్య పోటీలు నడిపే సంస్థ పేరు అది. ముందు సాధన చేసిన పాటలు వాయిస్తారు, తరవాత ఇంకో గదికి వెళతారు. నాకు నచ్చే భాగం ఆ రెండో గది. పిల్లలు ఎన్నడూ చూడని పాట ముందు పెడతారు, టీచరు కొన్ని నిమిషాలు నోటితో వివరిస్తారు, ఆ వెంటనే వాయించాలి. ఒకటి నుంచి అయిదు వరకు మార్కు, ఒకటి అన్నిటికన్నా మంచిది. మార్కు బృందానికే, విడిగా ఎవరికీ ఉండదు.

కచేరీ రోజున నల్ల చొక్కా, నల్ల ప్యాంటు, నల్ల సాక్సులు. తెల్ల సాక్సులు దూరానికి కూడా కనబడతాయి, కాబట్టి రెండు జతలు ముందే కొని దాచండి. పాట మధ్యలో ఆగినప్పుడు చప్పట్లు కొట్టకండి, డైరెక్టర్ చేతులు దించేదాకా ఆగండి. మీ పిల్లల వంతు అయిపోగానే లేచి వెళ్ళిపోకండి. చివర వాయించే ఎనిమిదో తరగతి వాళ్ళ ముందు ఖాళీ కుర్చీలుంటే బాగుండదు, పైగా రెండేళ్ళలో మీ పిల్ల ఎలా వాయిస్తుందో అక్కడ వినవచ్చు.

ఖమ్మం అమ్మాయి మొన్న మళ్ళీ ఫోను చేసింది. వాద్యాలు చూపించే సాయంత్రానికి వెళ్ళారట. వాళ్ళ అబ్బాయి వయొలిన్ వైపు చూడనైనా చూడకుండా నేరుగా వెళ్ళి తనకన్నా ఎత్తున్న బేస్ వెనక నిలబడ్డాడట.

"అక్కా, అది మా కారులో పట్టదు. బస్సులో ఎక్కించుకోరట. ఎలా?"

"బడిలో ఒకటి, ఇంటికి ఒకటి ఇస్తారేమో అడుగు" అన్నాను.

"ఇంట్లో ఎక్కడ పెట్టను? ఉన్నది రెండు గదుల అపార్ట్‌మెంటు."

సోఫా వెనక గోడ మూల ఖాళీగా ఉందేమో కొలిచి చూడమన్నాను. టేపు తెస్తానని ఫోను పెట్టేసింది.