షాపింగ్ అకౌంట్ హ్యాక్ అయింది, కార్డు బ్లాక్ చేయించినం. ఇంకేమన్నా చేయాలా?

అడిగిన విషయం క్లుప్తంగా: నర్సంపేటలో ఉండే బాపు షాపింగ్ అకౌంట్‌లోంచి ఎవరో రెండు ఫోన్లు, కొన్ని గిఫ్ట్ కార్డులు కొన్నారు. అడ్రస్ ఢిల్లీది. అదే రాత్రి ఆయన జీమెయిల్‌కు వందల కొద్దీ చెత్త మెయిళ్లు వచ్చినయ్. హనుమకొండలో ఉండే కొడుకు కార్డు బ్లాక్ చేయించి, ఇంకేం చేయాలని అడుగుతున్నాడు.

కార్డు బ్లాక్ చేయించుడు మంచిదే. కానీ దొంగ దాని జోలికే పోకపోయి ఉండొచ్చు. 2022 అక్టోబర్ 1 నుంచి మన దేశంలో షాపింగ్ సైట్లు కార్డు నంబర్ దాచుకోవద్దు, వాళ్ల దగ్గర ఉండేది టోకెన్, అంటే నంబర్ బదులు వాడే కోడ్ మాత్రమే. పైగా ఇక్కడి సైట్లో కార్డుతో కొనాలంటే మామూలుగా ఓటీపీ కావాలి. అందుకే అకౌంట్లోకి దూరినోడు ఓటీపీ అడగని పైసల మీద పడతడు: వాలెట్ బ్యాలెన్స్, గిఫ్ట్ కార్డు బ్యాలెన్స్, 'పే లేటర్' లిమిట్. ముందు ఒక్కో ఆర్డర్ తెరిచి పేమెంట్ దేంతో జరిగిందో చూడండి. ఎవరికి ఫిర్యాదు చేయాలన్నది దాన్ని బట్టే ఉంటది. పే లేటర్ అయితే అది మీ బాపు పాన్ మీద ఇచ్చిన అప్పు. ఇచ్చింది షాపింగ్ సైట్ కాదు, దాని వెనక ఉన్న బ్యాంకో ఫైనాన్స్ కంపెనీయో. యాప్‌లోని లోన్ అగ్రిమెంట్‌లో పేరు ఉంటది, వాళ్లకు వేరుగా రాయాలి.

ఆ చెత్త మెయిళ్ల సంగతి. జనం దాన్ని వేరే తలనొప్పి అనుకొని అన్నీ కలిపి డిలీట్ కొడతరు. అది వేరే కాదు. దొంగ మీ మెయిల్ ఐడీని ఒక ప్రోగ్రాంతో వందల వెబ్‌సైట్ల న్యూస్‌లెటర్లకు ఎక్కిస్తడు. 'మీ ఆర్డర్ కన్ఫర్మ్ అయింది', 'కొత్త అడ్రస్ చేర్చారు' అనే నాలుగైదు అసలు మెయిళ్లు ఆ కుప్పలో కనపడకుండా పోవాలి, అంతే. పొద్దున లేచేసరికి ఫోన్ కొరియర్ చేతికి పోయుంటది. డిలీట్ చేసి ఉన్నా ట్రాష్‌లో 30 రోజులు ఉంటయ్. సైట్ పేరుతో, తర్వాత 'పాస్‌వర్డ్', 'ఇన్‌వాయిస్' అని వెతకండి, ఏ మెయిల్ ఏ టైముకు వచ్చిందో రాసుకోండి. పాస్‌వర్డ్ మార్చినట్టు మెయిల్ ఉంటే జీమెయిల్ కూడా వాడి చేతిలో ఉన్నట్టే లెక్క. జీమెయిల్ సెట్టింగ్స్‌లో ఫిల్టర్లు, ఫార్వార్డింగ్ రెండూ చూడాలి. ఇది ఫోన్ యాప్‌లో కాదు, కంప్యూటర్ బ్రౌజర్‌లో తెరవండి. షాపింగ్ సైట్ మెయిళ్లన్నీ నేరుగా ట్రాష్‌కు పోయేటట్టు ఫిల్టర్ పెట్టి ఉంటే, పాస్‌వర్డ్ ఎన్నిసార్లు మార్చినా మీకు కబురు తెలియదు.

అందుకే ముందు మెయిల్, తర్వాతే షాపింగ్ అకౌంట్. తిరగేసి చేస్తే కొత్త పాస్‌వర్డ్‌ను వాడు మెయిల్ నుంచే మళ్లీ మార్చుకుంటడు. ఈ పనంతా బాపు ఫోన్‌లో చేయొద్దు. వాట్సాప్‌లో వచ్చిన చలాన్ అనో, పథకం పైసలనో ఏదైనా ఏపీకే ఫైల్ (ప్లే స్టోర్ నుంచి కాకుండా నేరుగా వేసుకునే యాప్) ఆయన వేసుకొని ఉంటే, అది ఓటీపీ మెసేజీలు కూడా చదువుతది. కార్డు పేమెంట్ ఓటీపీతోనే జరిగి ఉంటే మొదటి అనుమానం దీని మీదే. అప్పుడు ఫోన్‌ను ఫ్యాక్టరీ రీసెట్ చేయాలి.

ఇక్కడొక మాట అనక తప్పదు. మన దగ్గర చాలా మొబైల్ షాపుల్లో పెద్దోళ్లకు ఫోన్ అమ్మి, జీమెయిల్ వాళ్లే తెరిచి, పాస్‌వర్డ్‌గా పేరు పక్కన ఫోన్ నంబర్ పెట్టి, డబ్బా మీద పెన్నుతో రాసిస్తరు. అదే పాస్‌వర్డ్ షాపింగ్‌కూ, కరెంటు బిల్లు యాప్‌కూ. ఎక్కడో ఒక్క సైట్ లీకైతే మిగతావన్నీ తాళం తీసి పెట్టినట్టే. హ్యాకర్ అంటే పెద్ద మేధావి అనుకుంటరు గానీ, చాలాసార్లు వాడు చేసేది లీకైన పాస్‌వర్డ్ వేరే సైట్లో వేసి చూసుడే.

షాపింగ్ అకౌంట్లోకి పోయినంక ముందు అన్ని డివైజుల నుంచి లాగౌట్ కొట్టండి, ఆ తర్వాతే ఇంకా పోని ఆర్డర్ క్యాన్సిల్ చేయండి. ఎందుకంటే రీఫండ్ వచ్చిన దారినే వాలెట్‌కు పోతది, లోపల వాడు ఇంకా ఉంటే దాంతోనే మళ్లీ కొంటడు. ఆ ఢిల్లీ అడ్రస్‌ను కోపంతో తీసేయకండి. అడ్రస్, దాని కింది ఫోన్ నంబర్, ఆర్డర్ ఐడీ, ట్రాకింగ్ నంబర్ అన్నీ స్క్రీన్‌షాట్ తీయండి. ఇన్‌వాయిస్ దించుకోండి, ఫోన్ ఐఎంఈఐ (ఒక్కో ఫోన్‌కు వేరుగా ఉండే గుర్తింపు నంబర్) దాని మీద ఉంటే పోలీసులకు అదే పనికొస్తది. కొన్ని సైట్లలో ఆర్డర్లను ఆర్కైవ్‌లో దాచే వీలుంది, అక్కడ కూడా చూడండి.

'రిటర్న్' బటన్ మాత్రం నొక్కొద్దు. వస్తువు మీ దగ్గర లేదు, పికప్ బాయ్ ఖాళీ చేతులతో పోతే ఆ రిక్వెస్ట్ మూసేస్తరు. యాప్‌లోని హెల్ప్ చాట్‌లో 'ఇది మేం చేయని ఆర్డర్, అకౌంట్ హ్యాక్ అయింది' అని రాసి టికెట్ నంబర్ తీసుకోండి. కస్టమర్ కేర్ నంబర్ కోసం గూగుల్‌లో వెతికితే రెండో దొంగ దొరుకుతడు. చాట్‌లో 'ఆర్డర్ మీ అకౌంట్ నుంచే వచ్చింది' అని పాటపాడితే సైట్ గ్రీవెన్స్ ఆఫీసర్‌కు (ఫిర్యాదులు చూసే అధికారి) మెయిల్ పెట్టండి. 2020 ఈ-కామర్స్ రూల్స్ ప్రకారం 48 గంటల్లో అందినట్టు చెప్పాలి, నెలలో తేల్చాలి.

బ్యాంకు దగ్గర మాత్రం గడియారం చూసుకోవాలి. 2017లో రిజర్వ్ బ్యాంక్ పెట్టిన లెక్క: తప్పు మీదీ కాదు, బ్యాంకుదీ కాదు అన్నప్పుడు, మెసేజ్ వచ్చిన 3 పనిదినాల్లో చెప్తే మీకు నష్టం సున్నా. 4 నుంచి 7 పనిదినాలైతే మామూలు సేవింగ్స్ ఖాతాకు గరిష్ఠంగా 10,000 రూపాయలు మీ మీద పడొచ్చు. ఆ తర్వాత బ్యాంకు పాలసీ ఎట్లుంటే అట్ల. ఓటీపీ మీరే చెప్పి ఉంటే ఫిర్యాదు చేసేదాకా పోయినదంతా మీదే, అందుకే గంట కూడా ఆగొద్దు. బ్రాంచికి పోయి మేనేజర్‌కు నోటితో చెప్పి వస్తే లెక్కలోకి రాదు, ఫిర్యాదు నంబర్ కావాలి. 30 రోజుల్లో తేల్చకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్‌లో రాయొచ్చు, ఫీజు లేదు.

అన్నిటికన్నా ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి అక్నాలెడ్జ్‌మెంట్ నంబర్ రాసుకోండి. కానీ అది ఎఫ్ఐఆర్ కాదు, దాని కోసం స్టేషన్‌కు పోవాలి. వరంగల్‌లో సైబర్ క్రైమ్ పోలీస్ స్టేషన్ ఉంది. 'డెలివరీ ఢిల్లీల అయింది, మా పరిధి కాదు' అంటే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ పేరు చెప్పండి, నేరం ఎక్కడ జరిగినా ఫిర్యాదు తీసుకోవాల్సిందే. ఐటీ చట్టం 66సి, 66డి సెక్షన్లు దీనికి వర్తిస్తయ్, ఫిర్యాదులో రాయండి.

పే లేటర్ బాకీ ఉంటే ఇంకో పని మిగులుతది. ఆటో డెబిట్ ఉంటే వచ్చే నెల వాయిదా ఖాతాలోంచి కోసుకుంటరు. ఎఫ్ఐఆర్ కాపీ జతచేసి, వసూలు ఆపమని అప్పు ఇచ్చిన కంపెనీకి మెయిల్ పెట్టండి. రెండు నెలల తర్వాత సిబిల్ రిపోర్ట్ (మీ బాపు అప్పుల చిట్టా) తీయండి, ఏడాదికొకటి ఉచితం. ఆ బాకీ అందులో ఎక్కి ఉంటే సరిచేయమని అడగండి. 30 రోజుల్లో తేల్చకపోతే ఆలస్యమైన ఒక్కో రోజుకు 100 రూపాయల పరిహారం మీ బాపుకు రావాలి.