సావో పాలోలో ఒక్క మ్యాచ్ చూసే టైమే ఉంటే జవారి వీధికి వెళ్ళండి

"ఆఫీస్ పని మీద బ్రెజిల్‌లో సావో పాలో వెళ్తున్నా, ఒక్క ఫుట్‌బాల్ మ్యాచ్ చూడగలను, ఏ స్టేడియం బెస్ట్?" అని అడిగారు కదా. పెద్ద స్టేడియాల పేర్లు అందరూ చెప్తారు, నేను చెప్పను. ప్రాజెక్ట్ మీద అక్కడ ఏడాదిన్నర ఉన్నా, రెండు పెద్ద స్టేడియాల్లో చూశా, టికెట్ రేటు తప్ప ఏమీ గుర్తులేదు. మీరు రెడ్ లైన్ మెట్రో ఎక్కి బ్రెస్సెర్-మోకాలో దిగి జవారి వీధికి నడుచుకుంటూ వెళ్ళిపోండి. అక్కడి స్టేడియంలో ఆడేది జువెంటస్ క్లబ్. ఇటలీది కాదు, మోకా పేట జువెంటస్.

మోకా అంటే ఇటలీ నుంచి వలసొచ్చిన మిల్లు కార్మికుల పేట. రొడోల్ఫో క్రెస్పి అనే ఆయన నూలు మిల్లు ఉండేదక్కడ, 1917లో సావో పాలో మొత్తాన్ని స్తంభింపజేసిన సమ్మె మొదలైంది ఆ మిల్లులోనే. మిల్లు వాళ్ళే 1924లో ఈ టీమ్ పెట్టుకున్నారు, 1930లో జువెంటస్ అని పేరు మార్చారు. పేరేమో ఇటలీలో టురిన్ ఊరి జువెంటస్‌ది, చొక్కా రంగేమో అదే ఊళ్ళో దాని శత్రువు టొరినోది, ముదురు మెరూన్. అదే ఏడాది సావో పాలోలోనే పెద్ద క్లబ్ అయిన కొరింథియన్స్ అంతటి టీమ్‌ని ఓడించేసరికి "మొలెకి ట్రావెసో" అనే పేరు పడింది, అంటే అల్లరి పిల్లాడు. 1983లో దేశం మొత్తం మీద సెకండ్ డివిజన్ కప్పు కూడా కొట్టారు. నేను చూసేనాటికి స్టేట్ లీగ్‌లో రెండో డివిజన్‌లో ఆడుతున్నారు.

నేను వెళ్ళింది ఒక శనివారం మధ్యాహ్నం. సిమెంటు మెట్లు, గ్రౌండ్‌కి మనకి మధ్య ఒక్క ఇనప జాలీ, గోల్‌కీపర్ ఊపిరి పీల్చుకోవడం కూడా వినబడుతుంది. పక్కన మెరూన్ టోపీ పెట్టుకున్న ముసలాయన, జాలీ పట్టుకుని లైన్స్‌మన్‌ని ఆపకుండా తిడుతున్నాడు. నేను ఇండియా అని తెలిసి తిట్టడం ఆపేసి, నా చెయ్యి పట్టుకుని గోల్ పోస్ట్ వైపు చూపించాడు. 1959 ఆగస్టు 2న పీలే ఆడే టీమ్ సాంటోస్ ఇక్కడికొచ్చి 4-0తో గెలిచింది, ఆ రోజు పీలే కొట్టిన గోల్ తన జీవితంలోనే అందమైనదని పీలేనే చెప్పుకున్నాడు, దాని వీడియో మాత్రం లేదు. ఈ పెద్దాయన అప్పుడు చిన్న పిల్లాడట, వాళ్ళ నాన్న భుజాల మీద కూర్చుని చూశాడట. నా పోర్చుగీసు అంతంత మాత్రం, కానీ ఆయనకి మాటలు అక్కర్లేదు, ఒక డిఫెండర్ తల మీంచి బంతి ఎత్తాడని చేత్తో చూపించి, ఇంకొకడి మీంచి, ఆఖరికి గోల్‌కీపర్ మీంచి కూడా ఎత్తి, తలతో లోపలికి అని చెప్పి తన తల ముందుకి విసిరాడు, టోపీ ఎగిరిపడింది. చూస్తే కళ్ళల్లో నీళ్ళు. తన టీమ్ మీద పడిన గోల్ అది! అంతెందుకు, ఆ గోల్ కొట్టిన పీలే విగ్రహాన్నే స్టేడియంలో పెట్టుకున్నారు వీళ్ళు. ఓడిపోయిన మ్యాచ్‌ని ఇంత ప్రేమగా దాచుకున్న వాళ్ళని నేను ఇంకెక్కడా చూడలేదు.

మాది వరంగల్, మా తాత అజంజాహీ మిల్లులో చేశాడు. సైరన్ మోగితే ఊరంతా కదిలేదని చెప్తుండేవాడు. ఇప్పుడు ఆ మిల్లు లేదు. మోకాలో కూడా మిల్లు ఎప్పుడో పోయింది, కానీ టీమ్ ఉంది, స్టేడియం గోడ మీద క్రెస్పి పేరు ఉంది. అక్కడ కూర్చున్నంతసేపూ నాకు తాతే గుర్తొచ్చాడు.

ఇంకో బాధ కూడా చెప్పేస్తా. మన కుర్రాళ్ళు అర్ధరాత్రి దాకా మేలుకుని ఇంగ్లండ్ లీగ్ చూస్తారు, పేట టీమ్ ఆడుతుంటే పది మంది రారు. అందరూ టీవీలో కనబడే క్లబ్బుల వెనకే పడితే ఇలాంటివి ఎలా బతుకుతాయండి? అందుకే టికెట్ కొనుక్కుని, వీలైతే ఒక మెరూన్ చొక్కా కూడా కొనండి.

నేనున్నప్పుడు ఫ్లడ్‌లైట్లు లేవు, మ్యాచ్‌లన్నీ పగలే, టైమ్ ముందే చూసుకోండి. హాఫ్ టైమ్‌లో కనోలి అమ్ముతారు, గొట్టంలా చుట్టి వేయించి లోపల క్రీమ్ పెడతారు, కజ్జికాయకి చుట్టం అనుకోండి. క్యూ చాంతాడంత ఉంటుంది, విజిల్ పడకముందే లేవండి.