ఆగి ఉన్న లేత్ ఎంత కరెంటు తాగుతుంది?

ప్రశ్న: మాది ఒడిశాలోని రాయగడ. మెకానికల్ బీటెక్ చివరి ఏడాదిలో ఉన్నాను, 78 శాతం మార్కులున్నాయి. పర్యావరణానికి హాని తగ్గించే తయారీ పద్ధతులపై పరిశోధన చేసి అధ్యాపకుణ్ణి కావాలని కోరిక. నాన్నగారేమో విశాఖలో ఉద్యోగం చూసుకోమంటున్నారు. ఈ దారిలో బతుకుతెరువు ఉంటుందా?

జవాబు: ఉంటుంది, కాకపోతే ఆలస్యంగా. విశ్వవిద్యాలయాలను నియంత్రించే యూజీసీ 2022 నిబంధనల ప్రకారం నాలుగేళ్ల డిగ్రీలో 75 శాతం తెచ్చుకున్నవారు నేరుగా పీహెచ్‌డీకి అర్హులే. ఐఐటీలు, ఎన్‌ఐటీల నిబంధనలు వేరు గనుక గేట్ ప్రవేశపరీక్ష రాయడం మాత్రం మానకండి. పరిశోధక విద్యార్థికిచ్చే జేఆర్ఎఫ్ భృతి 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలు, రెండేళ్ల తరువాత 42,000. ఆ డబ్బుతో అయిదేళ్లు గడిపి, శాశ్వత పోస్టు కోసం మరికొంతకాలం ఆగగలరా అన్నది నాన్నగారితో కూర్చుని తేల్చుకోవలసిన లెక్క. ఆయన భయాన్ని కొట్టిపారేయలేము.

ఇక విషయానికి వస్తే, ఈ రంగంలో పనంతా కొలతలతోనే. వర్క్‌షాపులో లేత్, అంటే లోహాన్ని తిప్పుతూ చెక్కే యంత్రం, ఆన్ చేసి మీరు చెక్కాల్సిన ముక్కను బిగిస్తూ, వెర్నియర్ కొలబద్దతో సరిచూసుకుంటూ ఉన్నంతసేపూ ఒక్క రజను రాలకపోయినా మీటరు తిరుగుతూనే ఉంటుంది. ఎంఐటీకి చెందిన గుటోవ్‌స్కీ బృందం 2006లో ప్రచురించిన పత్రంలో, కార్ల విడిభాగాలు చేసే ఒక యంత్రాల వరుసలో అసలు లోహం కోయడానికి పట్టిన విద్యుత్తు 15 శాతం లోపేనని, మిగిలినదంతా కూలెంట్ (కోతచోట వేడి తగ్గించే ద్రవం) పంపులవంటి వాటికే పోతోందని చూపింది. పాలలా తెల్లగా నిమిషానికి లీటర్లకొద్దీ ధారకట్టే ఆ కూలెంట్‌కు బదులు, గంటకు 100 మిల్లీలీటర్ల లోపు నూనెను గాలితో కలిపి చిమ్మే పద్ధతి ఉంది. అయితే గట్టి మిశ్రలోహాల దగ్గర కోసే టూల్ వేడెక్కి త్వరగా అరిగిపోతే ఆ ఆదా ఎంతవరకు నిలుస్తుందన్నది పరిశోధకులకు ఇప్పటికీ చేతినిండా పనే.

మీ చుట్టుపక్కలే సమస్యలకు కొదవలేదు. దామన్‌జోడిలో తయారయ్యే అల్యూమినా (అల్యూమినియానికి ముడిసరుకు) టన్నుకు దాదాపు టన్ను నుంచి టన్నున్నర ఎర్రమట్టి అనే వ్యర్థం మిగులుతుంది, థేరుబలిలో ఫెర్రోక్రోమ్ అనే ఇనుము-క్రోమియం మిశ్రలోహం చేసే కొలుముల నుంచి స్లాగ్, అంటే లోహం కరిగించాక మిగిలే చిట్టెం, వస్తుంది. రూర్కెలా ఎన్‌ఐటీ, భువనేశ్వర్‌లోని ఖనిజాల పరిశోధన సంస్థ ఐఎంఎంటీ కూడా ఒడిశాలోనివే. సంస్థ పేరు చూసి మురిసిపోక, గైడ్ ఇటీవలి పత్రాలు తెరిచి, అంకెలు కంప్యూటర్లో పుట్టాయా, కార్ఖానాలో కొలిచినవా అని చూడండి. అన్నట్టు, ఖాళీగా తిరిగే యంత్రాన్ని ఎందుకు ఆపడంలేదో ఆపరేటర్ ఒడియాలోనే చెబుతాడు. ఆ మాట అర్థంకావడం మీకు చిన్న లాభం కాదు.

ముందుగా ఇన్‌స్ట్రక్టర్‌గారి అనుమతితో వారంపాటు ఆ లేత్‌కు ఎనర్జీ మీటరు బిగించి, కోతకు ఎంత, ఖాళీగా ఎంత అని రాసుకోండి. గైడ్‌కు రాసే మొదటి ఉత్తరానికి ఆ కాగితాన్నే జతచేయండి.