వేల్స్‌లో కారెగ్ కెన్నెన్ కోటకి అమ్మానాన్నలతో వెళ్ళొచ్చా? మొండిగోడలు తప్ప చూడ్డానికి ఏమైనా ఉందా?

కార్డిఫ్‌లో తమ్ముడి దగ్గరికి అమ్మానాన్నలతో వస్తున్నామని, నాన్నగారికి మోకాళ్ళ నొప్పులని రాశారు. మేము స్వాన్సీలో ఉన్న రోజుల్లో ఊరి నుంచి ఎవరొచ్చినా ముందు ఈ కోటకే తీసుకెళ్ళేవాళ్ళం. మా అత్తయ్య, మామయ్య కూడా ఎక్కారు. కాబట్టి ధైర్యంగానే చెప్తున్నాను: వెళ్ళొచ్చు, కానీ కారు ఉండాలి. దగ్గర్లోని రైల్వే స్టేషన్ ఉన్నది లాన్‌డైలో అనే ఊళ్ళో. అక్కడ రోజుకి ఏవో కొద్ది రైళ్ళే ఆగుతాయి. స్టేషన్ నుంచి కోటకి బస్సు దొరుకుతుందని లెక్కేసుకోకండి.

కారు ఆపేది ఒక పొలం దగ్గర. కోటకి దారి ఆ పొలం మీదుగానే, గొర్రెల మధ్య నుంచి పైకి పోతుంది. కోట బాగోగులు చూసేది కాడూ అనే ప్రభుత్వ సంస్థే అయినా యజమానులు మాత్రం ఆ పొలంవాళ్ళే. 1960ల్లో పొలం కొన్నప్పుడు దస్తావేజులో పొరపాటున కోట కూడా కలిసిపోయిందట! మన రిజిస్ట్రేషన్ ఆఫీసు కథల్లో కూడా ఇలాంటిది వినలేదు నేను.

ఎక్కడం విషయానికొస్తే, భువనగిరి గుట్ట ఎక్కినవాళ్ళకి ఇదొక లెక్క కాదు. కాకపోతే ఏటవాలు గడ్డి, వానపడితే జారుతుంది. మామూలు చెప్పులు వద్దు. మామయ్య మధ్యమధ్యలో ఆగుతూ, ఆగినప్పుడల్లా గొర్రెల ధర ఎంతుంటుందో లెక్కలేస్తూ పైకి చేరారు. పైన గాలి మాత్రం మామూలుగా ఉండదు, చలికోటు తప్పనిసరి.

ఇక మొండిగోడల సంగతి. కప్పు లేదు, గదులు అలంకరించి లేవు, అది నిజమే. అయితే ఆ గోడలు కాలం దెబ్బకి మాత్రమే కూలినవి కావు, కావాలని కూల్చినవి. ఇంగ్లండ్ సింహాసనం కోసం లాంకాస్టర్, యార్క్ వంశాలు కొట్టుకుంటున్నప్పుడు ఈ కోట లాంకాస్టర్ వైపు నిలిచింది. యార్క్ పక్షం గెలిచాక, 1462లో, మళ్ళీ ఎవరూ ఇందులో దాక్కోకూడదని 500 మందిని గునపాలతో పంపి పడగొట్టించారు. ఈ ముక్క ముందే చెప్పి తీసుకెళ్ళండి, చూసే చూపే మారిపోతుంది.

మొదట ఇక్కడ కోట ఉన్నది దక్షిణ వేల్స్ రాజులది. 1277లో ఇంగ్లిష్‌వాళ్ళ చేతికి పోయింది. 1283లో ఎడ్వర్డ్ రాజు దీన్ని జాన్ గిఫర్డ్ అనే ప్రభువుకి ఇచ్చాడు. ఇప్పుడు కనిపించే కట్టడంలో ఎక్కువ భాగం ఆ తర్వాతదే. లోపలికి పోయే దారి చూడండి: తిన్నగా ద్వారం దగ్గరికి పోనివ్వకుండా వంపు తిప్పి, మధ్యలో గోతులు పెట్టారు. ఆ గోతుల మీద ఎత్తేసే వంతెనలు ఉండేవి. దక్షిణం వైపు ఇవేమీ అక్కర్లేదు, నిట్టనిలువు సున్నపురాయి కొండే కాపలా. అడుగున కెన్నెన్ వాగు.

1403లో ఓవైన్ గ్లిన్‌డూర్ అనే వేల్స్ నాయకుడు ఇంగ్లిష్‌వాళ్ళ మీద వేల్స్ అంతా తిరుగుబాటు లేపి ఈ కోటనీ ముట్టడించాడు. లోపలున్న కోటాధికారి జాన్ స్కడమోర్ కనీసం తన భార్యని, అత్తగారిని బయటికి పోనివ్వమని అడిగితే ఓవైన్ ఒప్పుకోలేదు. చిత్రమేమిటంటే, తర్వాత కాలంలో అదే స్కడమోర్ ఆ ఓవైన్ కూతురినే రహస్యంగా పెళ్ళి చేసుకున్నాడు. మా అత్తయ్యకి కోట మొత్తంలో నచ్చింది ఈ కథే.

నాకు నచ్చింది గుహ. లోపలి ఆవరణ మూల నుంచి మెట్లు దిగితే కొండ అంచు వెంట రాతికప్పున్న ఇరుకు దారి, దాని చివర కొండ కడుపులోకి పోయే సహజమైన గుహ. టార్చి లేకుండా ఒక్క అడుగు వేయలేరు. ఫోన్ లైటు కన్నా మంచి టార్చి తెచ్చుకోండి. లోపల నీళ్ళు చుక్కచుక్కగా ఊరుతాయి గానీ కోటంతటికీ సరిపోవు, వాళ్ళు వాననీరే పట్టి నిలవ చేసుకునేవారు. మరి ఇంత కష్టపడి దారి కట్టడం దేనికి? శత్రువు గుహలో చేరి కోట కిందే తిష్ఠ వేయకుండా కావచ్చనే మాట నాకు సబబుగా అనిపిస్తుంది. మీ నాన్నగారిని మాత్రం గుహలోకి దింపకండి. మెట్లు తడిగా, అరిగిపోయి ఉంటాయి. ఆయన పైన కూర్చుని బ్లాక్ మౌంటెన్ వైపు చూస్తుంటే కాలక్షేపానికి లోటుండదు.

కార్డిఫ్ నుంచి ఒకవైపు ప్రయాణం గంటన్నరలోపు. కోట తెరిచి ఉందో లేదో బయల్దేరే ముందు కాడూ వెబ్‌సైట్లో చూసుకోండి. ఆ రోజు గట్టిగా వాన ఉంటే ఇది మానేసి కార్డిఫ్ పక్కనే ఉన్న కెర్ఫిలీ కోటకి వెళ్ళండి. అది నేలమీదే ఉంది, చుట్టూ నీళ్ళతో చాలా పెద్దది, పైగా మోకాళ్ళకి పనిచెప్పదు.